నమ్మశక్యమైనది – నిజంగా జరిగినది: 'ది డే ఆఫ్ ది జాకాల్'పై ప్రేక్షకుల సందేహాలు, చరిత్ర విద్యార్థికి పాఠాలు

విషయక్రమం

1. లక్ష్యాలు
2. పరిచయం
3. కథ వెనుక ఉన్న చరిత్ర
4. ఫోర్సిత్ నవల: కల్పనను నమ్మించిన తీరు
5. టెలివిజన్ ధారావాహిక: ప్రేక్షకుల మూడు సందేహాలు
6. నమ్మశక్యం కాని వాస్తవాలు: సరయేవో, శ్రీపెరుంబుదూరు
7. చరిత్రకారుని మూడు ప్రశ్నలు
8. సారాంశం
9. ముఖ్య పదాలు
10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• 1960ల ఆరంభంలో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌పై జరిగిన హత్యాయత్నాల నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
• సాధ్యత, సంభావ్యత, రుజువు అనే మూడు భావనల మధ్య తేడా చెప్పగలుగుతారు.
• చారిత్రక నేపథ్యం ఉన్న సినిమాను గాని, ధారావాహికను గాని చూసినప్పుడు అందులో కల్పన ఏదో, ఆధారం ఉన్నది ఏదో వేరు చేయగలుగుతారు.

2. పరిచయం

చాలా ఏళ్ల క్రితం ఆధునిక ఐరోపా చరిత్ర జవాబు పత్రాలు దిద్దుతూ ఒక జవాబు దగ్గర ఆగిపోయాను. 1963 ఆగస్టు 25న పారిస్‌లో, మోంపర్నాస్ రైల్వే స్టేషను ఎదుట జరిగిన ఉత్సవంలో డిగాల్‌పై ఒక ఆంగ్లేయుడు తుపాకి పేల్చాడని, అదే క్షణంలో డిగాల్ ముందుకు వంగడం వల్ల గురి తప్పిందని ఆ విద్యార్థి రాశాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది. తేదీ ఉంది, స్థలం ఉంది, కారణం ఉంది. లేనిదల్లా ఒక్కటే: అది జరగలేదు. అది ఫ్రెడరిక్ ఫోర్సిత్ నవల 'ది డే ఆఫ్ ది జాకాల్'లోని చివరి ఘట్టం.

ఆ నవల ఆధారంగా వచ్చిన సినిమాను చూడమని సంపర్క తరగతిలో చెప్పింది నేనే. అందులో ఎంతవరకు చరిత్ర, ఎక్కడి నుంచి కల్పన అన్నది మాత్రం చెప్పలేదు. ఆ జవాబుకు మార్కులు వేయలేకపోయాను. మార్కులు పోయింది విద్యార్థికి, లోపం నాది. ఆ రోజు తరగతిలో చెప్పకుండా వదిలిన మాటే ఈ పాఠం.

ఇటువంటి కథలు చూసినప్పుడు మనం సాధారణంగా వేసే ప్రశ్న "ఇది నమ్మశక్యంగా ఉందా?" అని. ప్రేక్షకునికి ఆ ప్రశ్న చాలు. చరిత్ర విద్యార్థికి చాలదు. నమ్మశక్యంగా ఉన్నవన్నీ జరిగినవి కావు. జరిగినవన్నీ నమ్మశక్యంగా ఉండవు. ఈ రెండు మాటలను ఉదాహరణలతో పరిశీలిద్దాం.

3. కథ వెనుక ఉన్న చరిత్ర

అల్జీరియా 1830 నుంచి ఫ్రాన్స్ ఆక్రమణలోకి వచ్చింది. అక్కడ లక్షలాది ఐరోపా సంతతివారు స్థిరపడ్డారు. 1954 నవంబరు 1న మొదలైన స్వాతంత్ర్య పోరాటం ఫ్రాన్స్ రాజకీయాలను కుదిపివేసింది. ఆ సంక్షోభంలోనే 1958లో డిగాల్ తిరిగి అధికారంలోకి వచ్చాడు. అల్జీరియాను ఫ్రాన్స్‌లోనే ఉంచుతాడని సైన్యంలో చాలామంది ఆశించారు. ఆయన మాత్రం క్రమంగా స్వయం నిర్ణయాధికారం వైపు మొగ్గాడు. దీన్ని ద్రోహంగా భావించిన నలుగురు సేనానులు 1961 ఏప్రిల్‌లో అల్జీర్స్‌లో తిరుగుబాటు చేసి విఫలమయ్యారు. అదే సంవత్సరం ఏర్పడిన ఓ.ఏ.ఎస్. అనే రహస్య సాయుధ సంస్థ బాంబు దాడులకు, హత్యలకు దిగింది. 1962 మార్చి 18న ఎవియాన్ ఒప్పందం కుదిరింది. జూలైలో అల్జీరియా స్వతంత్రమైంది.

డిగాల్‌ను చంపే ప్రయత్నాలు ఒకటి రెండు కావు. 1961 సెప్టెంబరులో రోడ్డు పక్కన అమర్చిన బాంబు పూర్తిగా పేలకపోవడంతో ఆయన బయటపడ్డాడు. అన్నిటికన్నా ప్రసిద్ధమైనది 1962 ఆగస్టు 22న పారిస్ శివారు పెతి క్లమార్ వద్ద జరిగిన దాడి. సిట్రోయెన్ కారులో డిగాల్, ఆయన భార్య, అల్లుడు ప్రయాణిస్తున్నారు. చీకటి పడే వేళ కాపుకాసిన బృందం వందకు పైగా తూటాలు పేల్చింది. పద్నాలుగు తూటాలు కారుకు తగిలాయి; టైర్లు పగిలాయి. డ్రైవరు కారును అదుపు తప్పనివ్వకుండా ముందుకు పోనిచ్చాడు. లోపల ఉన్న ఎవరికీ తూటా తగలలేదు.

ఆ దాడికి పథకం వేసిన బాస్టియన్ థిరీ వీధి రౌడీ కాదు. వైమానిక దళంలో లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఉన్న ఇంజనీరు. అతనికి 1963 మార్చి 11న మరణశిక్ష అమలైంది. డిగాల్ 1970 నవంబరు 9న తన స్వగృహంలో సహజ మరణం పొందాడు. ఇంతవరకు చెప్పినదంతా చరిత్ర.

4. ఫోర్సిత్ నవల: కల్పనను నమ్మించిన తీరు

ఫోర్సిత్ 1962లో రాయిటర్స్ వార్తాసంస్థ విలేకరిగా పారిస్‌లో పనిచేశాడు. డిగాల్‌కు ఏ క్షణాన ఏమవుతుందోనని విలేకరులు ఆయన వెంటే తిరిగిన రోజులవి. ఆ అనుభవంతో 1970లో రాసిన నవల 1971లో వెలువడింది. దాన్ని తిరస్కరించిన ప్రచురణకర్తలకు ఒక బలమైన కారణమే కనిపించింది: డిగాల్ హత్యకు గురికాలేదని లోకానికంతటికీ తెలుసు. హంతకుడు విఫలమవుతాడని ముందే తెలిసిన కథను ఎవరు చదువుతారు?

నవలను లక్షలాది మంది చదివారు. 1973లో ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకత్వంలో సినిమాగా వచ్చి అదీ పేరు పొందింది. కారణం, కథ "ఏమవుతుంది" అన్నదానిమీద కాక "ఎలా చేస్తాడు" అన్నదానిమీద నడుస్తుంది. దొంగ పాస్‌పోర్టు ఎలా సంపాదించాలి, తుపాకిని ఊతకర్రలో ఎలా దాచాలి, సరిహద్దు ఎక్కడ దాటాలి అన్న వివరాలు ఒక పనివాడి దినచర్యలా సాగుతాయి. పైగా నవల బాస్టియన్ థిరీ మరణశిక్షతో మొదలవుతుంది. మొదటి పేజీల్లో ఉన్నది చరిత్ర కాబట్టి, తరువాతి పేజీల్లోని కల్పనను కూడా పాఠకుడు అదే చేత్తో అందుకుంటాడు. మన విద్యార్థి జారిపడింది సరిగ్గా ఇక్కడే.

ఈ నవలలో హంతకుడు శైశవంలోనే చనిపోయిన ఒక బిడ్డ జనన ధ్రువపత్రంతో పాస్‌పోర్టు సంపాదిస్తాడు. అప్పట్లో జనన, మరణ నమోదులను పోల్చి చూసే ఏర్పాటు లేకపోవడం అతనికి కలిసివచ్చింది. నవల వచ్చిన తరువాత ఈ మోసానికి బ్రిటన్‌లో 'జాకాల్' పేరే స్థిరపడింది. ఇంకా ఆశ్చర్యకరమైన విషయం, 1968 నుంచి 2008 వరకు ఉద్యమ సంఘాల్లోకి మారువేషంలో చొరబడిన లండన్ పోలీసు విభాగం ఒకటి, చనిపోయిన పిల్లల పేర్లను తన అధికారులకు దొంగ పేర్లుగా వాడింది. ఆ వెతుకులాటను విభాగంలో 'జాకాల్ రన్' అని పిలుచుకునేవారట. ఇది 2013లో బయటపడింది. అంటే, పాఠకులు కథకుడి చమత్కారం అనుకున్న వివరం ప్రభుత్వ విభాగంలోనే రివాజుగా నడిచింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) పెతి క్లమార్ దాడికి రాజకీయ కారణం ఏమిటి? అయిదు వాక్యాలలో రాయండి.
(ఆ) ఫోర్సిత్ నవలలో చరిత్ర ఎక్కడ ముగిసి కల్పన ఎక్కడ మొదలవుతుంది?

5. టెలివిజన్ ధారావాహిక: ప్రేక్షకుల మూడు సందేహాలు

2024 నవంబరులో ఇదే పేరుతో పది భాగాల టెలివిజన్ ధారావాహిక వచ్చింది. రోనన్ బెనెట్ దీన్ని వర్తమాన కాలానికి మార్చి రాశాడు. ఎడ్డీ రెడ్‌మేన్ కిరాయి హంతకుడిగా, లషానా లించ్ అతన్ని వెంటాడే బ్రిటిష్ గూఢచార అధికారిణిగా నటించారు. ఇందులో డిగాల్ లేడు, అల్జీరియా లేదు. జర్మనీలో ఒక రాజకీయ నాయకుడి హత్యతో కథ మొదలై, ఆర్థిక లావాదేవీలను బట్టబయలు చేయబోతున్న ఒక సాంకేతిక రంగ కుబేరుడి చుట్టూ తిరుగుతుంది. హంతకుడికి స్పెయిన్‌లో భార్య, పసిబిడ్డ ఉంటారు. అతని అసలు వృత్తి భార్యకు తెలియదు.

దీన్ని చూసినవారి నోట సాధారణంగా వినిపించే సందేహాలను మూడు రకాలుగా విభజించవచ్చు.

(అ) భౌతిక సందేహం: "అంత దూరం నుంచి కొట్టగలరా?"

ధారావాహిక ఆరంభంలోనే హంతకుడు నాలుగు కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ దూరం నుంచి గురి చూసి చంపుతాడు. చాలామంది ఇక్కడే పెదవి విరుస్తారు. వాస్తవాలు చూద్దాం. 2017లో ఇరాక్‌లో ఒక కెనడా సైనికుడు 3,540 మీటర్ల దూరం నుంచి లక్ష్యాన్ని కొట్టినట్లు ఆ దేశ సైన్యం ధ్రువీకరించింది. 2023లో 3,800 మీటర్ల దూరం నుంచి కొట్టినట్లు ఉక్రెయిన్ భద్రతా సంస్థ ప్రకటించింది. కాబట్టి అంత దూరం అసాధ్యమని కొట్టివేయలేం. అయితే అంత దూరానికి తూటా చేరడానికి పలు సెకన్లు పడుతుంది. ఆలోగా మనిషి ఒక్క అడుగు పక్కకు వేసినా గురి తప్పుతుంది. గాలివాటం చూసి చెప్పే సహచరుడు పక్కన ఉండటం యుద్ధరంగంలో పరిపాటి. నగరంలో ఒంటరిగా ఆ పని చేయడం సాధ్యమే అనుకున్నా సంభావ్యత చాలా తక్కువ. ప్రేక్షకుడు "అసాధ్యం" అన్నచోట మనం "అసంభావ్యం" అనాలి. ఈ రెండు మాటల మధ్య తేడాను గుర్తుంచుకోండి.

(ఆ) వ్యవస్థాగత సందేహం: "ఇన్ని సరిహద్దులు ఎలా దాటాడు?"

1963 నాటి కథలో ఈ సందేహం పెద్దగా రాదు. అప్పటి పాస్‌పోర్టు కాగితం, ఫోటో, ముద్ర. హోటళ్లలో ప్రయాణికులు నింపిన చీటీలను పోలీసులు చేత్తో వెతుక్కోవాలి. బ్రిటన్ 2006 నుంచి చిప్ అమర్చిన పాస్‌పోర్టులు ఇస్తోంది. ఈనాడు విమానాశ్రయాల్లో ముఖాలను పోల్చే యంత్రాలున్నాయి. వీధుల్లో కెమెరాలు, జేబుల్లో ఫోన్లు ఉన్నాయి. ముఖానికి రబ్బరు తొడుగు వేసుకుని ఐరోపా అంతా తిరిగే హంతకుణ్ణి నేటి ప్రేక్షకుడు సందేహించడంలో న్యాయం ఉంది.

ఇందులోని పాఠం ఏమిటంటే, నమ్మశక్యత కాలాన్ని బట్టి మారుతుంది. ఒక కాలపు కొలమానంతో ఇంకో కాలాన్ని కొలిస్తే పొరపాటు తప్పదు. నేటి కెమెరాలకు అలవాటుపడిన విద్యార్థి "1963లో అతన్ని ఎందుకు పట్టుకోలేకపోయారు?" అని అడిగితే అదీ ఇటువంటి పొరపాటే. దీనినే కాలవిరుద్ధ దృష్టి అంటాం.

(ఇ) మానవ ప్రవర్తనకు సంబంధించిన సందేహం: "కట్టుకున్న భార్యకే తెలియదా?"

మూడింటిలోనూ అందరూ గట్టిగా పట్టుబట్టేది దీనిమీదే. "ఒక ఇంట్లో ఉంటూ ఏళ్ల తరబడి దాచడం కుదరదు" అని మన ఇళ్ల అనుభవంతో తేల్చేస్తాం. పైన చెప్పిన లండన్ పోలీసు విభాగాన్ని మళ్లీ గుర్తుచేసుకోండి. ఆ మారువేషపు అధికారులలో కొందరు దొంగ పేర్లతోనే స్త్రీలతో సంవత్సరాల తరబడి సహజీవనం చేశారు. బిడ్డను కన్నవారు కూడా ఉన్నారు. ఆ స్త్రీలకు నిజం తెలిసింది చాలా కాలం తరువాత. 2015 నవంబరులో లండన్ పోలీసు శాఖ వారిలో ఏడుగురికి బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అదే సంవత్సరం ఏర్పాటైన విచారణ సంఘం ముందు ఎన్నో జీవితాల కథలు నమోదయ్యాయి.

కాబట్టి మనకు బలంగా తోచిన సందేహం ఆధారాల ముందు అన్నిటికన్నా బలహీనంగా తేలింది. దీనికి ఒక నైతిక కోణం కూడా ఉంది. "తెలియకుండా ఎలా ఉంటుంది?" అనే ప్రశ్న తెర మీది పాత్రకు వేస్తే వినోదం. మోసపోయిన నిజమైన మనిషికి వేస్తే అది నింద. నమ్మశక్యతను రుజువు స్థానంలో కూర్చోబెట్టినప్పుడు బాధితురాలే సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది.

6. నమ్మశక్యం కాని వాస్తవాలు: సరయేవో, శ్రీపెరుంబుదూరు

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగితే దాన్ని 'కాకతాళీయం' అంటాం. కాకి బరువుకే పండు రాలిందనుకోవడం మనసుకు సులువు. కథ రాసేవాడు కాకతాళీయాన్ని ఎక్కువగా వాడలేడు, ప్రేక్షకుడు ఒప్పుకోడు. రెండువేల ఏళ్లకు పూర్వమే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్, కావ్యంలో నమ్మించలేని సాధ్యం కన్నా నమ్మించగల అసాధ్యం మేలన్నాడు. చరిత్రకు ఆ వెసులుబాటు లేదు.

సరయేవో, 1914 జూన్ 28: ఆస్ట్రియా–హంగరీ సింహాసన వారసుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌పై ఆ ఉదయం ఒకసారి బాంబు విసిరారు. అది గురి తప్పి వెనుక కారులోని వారిని గాయపరచింది. నగర మందిరంలో కార్యక్రమం ముగించుకుని, గాయపడినవారిని చూడటానికి ఆయన ఆసుపత్రికి బయలుదేరాడు. మార్గం మార్చాలని నిర్ణయించినవారు ఆ సంగతి డ్రైవరుకు చెప్పలేదు. కారు పాత మార్గంలోకే మలుపు తిరిగింది. పొరపాటు గ్రహించి ఆపారు. ఆగిన చోటే గవ్రీలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. కొద్ది వారాల్లో ఐరోపా యుద్ధంలో మునిగింది. ఈ ఘట్టాన్ని ఎవరైనా ధారావాహికలో కల్పించి ఉంటే "రచయితకు దారి తోచక ఇలా చేశాడు" అని నవ్వేవాళ్లం.

ఇదే సంఘటనకు మరో వైపు చూడండి. ప్రిన్సిప్ అప్పుడు ఒక దుకాణంలో శాండ్‌విచ్ తింటున్నాడని మీరు ఎక్కడో చదివో, వినో ఉంటారు. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో ఒక టెలివిజన్ డాక్యుమెంటరీ తరువాత ఈ మాట బాగా వ్యాపించింది. దీనికి సమకాలీన ఆధారం ఏదీ లేదు. దుకాణం ఉన్నది నిజం, అతను దాని దగ్గర నిలబడినది నిజం. ఆకలి సహజం. అందుకే శాండ్‌విచ్ ఇట్టే అతుక్కుంది. కారు దారి తప్పడం వింతగా ఉన్నా దానికి రుజువు ఉంది. శాండ్‌విచ్ సహజంగా ఉన్నా దానికి రుజువు లేదు.

శ్రీపెరుంబుదూరు, 1991 మే 21: మన ప్రాంతంతో నేరుగా ముడిపడిన ఉదాహరణ ఇది. ఆ రోజు రాజీవ్ గాంధీ ఎన్నికల ప్రచారంలో విశాఖపట్నంలో ఉన్నారు. సాయంత్రం మద్రాసుకు బయలుదేరవలసిన విమానంలో సాంకేతిక లోపం కనిపించింది. ప్రయాణం ఆగినట్లే అనుకుని ఆయన బసకు బయలుదేరారు. అంతలో లోపం సరిచేశారన్న కబురు వచ్చింది. ఆయన వెనుదిరిగి విమానం ఎక్కారు. ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో మానవబాంబు దాడిలో ఆయనతో పాటు మరికొందరు ప్రాణాలు కోల్పోయారు.

దర్యాప్తు కదిలిన తీరు ఇంకా నమ్మశక్యం కానిది. ఆ దృశ్యాలు తీయడానికి హంతక బృందమే తెచ్చుకున్న ఫోటోగ్రాఫర్ పేలుడులో చనిపోయాడు. అతని కెమెరా మాత్రం పాడవకుండా దొరికింది. అందులోని చిత్రాల్లో దండ పట్టుకుని నిలబడిన స్త్రీ, తెల్లని కుర్తా ధరించిన పథకకర్త ఉన్నారు. కల్పిత ధారావాహికలో హంతకులే తమ ఫోటోలు వదిలి వెళితే ఎవరూ ఒప్పుకోరు. హైదరాబాదులో పుట్టిన దర్శకుడు నగేష్ కుకునూర్ ఈ దర్యాప్తు మీద 2025లో తీసిన 'ది హంట్' ధారావాహికలో ఆ కెమెరా ఉందంటే, అది చరిత్రలో ఉన్నది కనుక.

ఇటువంటి కాకతాళీయాలను చూసి "ఇంత పెద్ద సంఘటన ఇంత చిన్న కారణం వల్ల జరుగుతుందా? వెనుక ఇంకేదో ఉండి తీరాలి" అనుకోవడం మనిషి స్వభావం. కుట్ర నిజంగా ఉన్నచోట కూడా యాదృచ్ఛికం ఉంటుంది: సరయేవోలో కుట్ర ఉంది, దారి తప్పడం కుట్ర కాదు. శ్రీపెరుంబుదూరులో కుట్ర ఉంది, విశాఖలో విమానం బాగుపడటం కుట్ర అనడానికి ఆధారం కావాలి. ఆధారం లేకుండా అంటే విమానం బాగుచేసిన మెకానిక్ మీద కూడా అనుమానం వాలుతుంది.

7. చరిత్రకారుని మూడు ప్రశ్నలు

ఒక కథనం మీ ముందుకు వచ్చినప్పుడు ఈ వరుసలో ప్రశ్నించండి:

మొదటిది, ఇది సాధ్యమేనా? ప్రకృతి నియమాలు, ఆ నాటి సాంకేతికత దీన్ని అనుమతిస్తాయా?

రెండవది, ఆ కాలంలో, ఆ చోట, ఆ మనుషుల విషయంలో ఇది ఎంతవరకు సంభావ్యం? ఇక్కడ మన కాలపు అలవాట్లను పక్కన పెట్టాలి.

మూడవది, జరిగిందనడానికి రుజువు ఏమిటి? ఆ ఆధారం సమకాలీనమా? ఎవరు, ఎందుకు నమోదు చేశారు? దాన్ని సమర్థించే మరో స్వతంత్ర ఆధారం ఉందా?

మొదటి రెండు ప్రశ్నలు మన అన్వేషణకు దారి చూపుతాయి. తీర్పు చెప్పేది మూడవదే. డిగాల్‌పై 1963 ఆగస్టులో మోంపర్నాస్ వద్ద కాల్పులు అన్న కథనం మొదటి ప్రశ్న దాటుతుంది, రెండవదీ దాటుతుంది. మూడవ ప్రశ్న దగ్గర మిగిలేది ఒక నవల మాత్రమే. పెతి క్లమార్‌లో పద్నాలుగు తూటాలు తగిలిన కారులో ఎవరికీ గాయం తగలకపోవడం రెండవ ప్రశ్న దగ్గర తడబడుతుంది. మూడవ ప్రశ్నకు తూటాల గుర్తులు పడిన కారు, సాక్షులు, న్యాయస్థానపు విచారణ సమాధానం చెబుతాయి.

8. సారాంశం

'ది డే ఆఫ్ ది జాకాల్' నవల, సినిమా, ధారావాహిక మూడూ కల్పనలే. నవలకు ఆధారమైన అల్జీరియా సంక్షోభం, ఓ.ఏ.ఎస్., పెతి క్లమార్ దాడి చరిత్ర. ధారావాహికపై ప్రేక్షకుల సందేహాలు భౌతికం, వ్యవస్థాగతం, మానవ ప్రవర్తన అని మూడు రకాలు. వీటిలో కొన్ని న్యాయమైనవి, కొన్ని మన అనుభవ పరిధి వల్ల పుట్టినవి. సరయేవో, శ్రీపెరుంబుదూరు సంఘటనలు వాస్తవం నమ్మశక్యతకు కట్టుబడి ఉండదని చూపుతాయి. కథలు చూడటం మానవలసిన పనిలేదు. చూసి, మూడవ ప్రశ్న వేసుకుని, ఆ తరువాత జవాబు పత్రంలో రాయండి.

9. ముఖ్య పదాలు

నమ్మశక్యత: వినగానే నిజమై ఉండవచ్చని తోచే గుణం.
సంభావ్యత: ఇచ్చిన పరిస్థితుల్లో జరగడానికి ఉన్న అవకాశం.
కాలవిరుద్ధ దృష్టి: ఒక కాలపు పరిస్థితులను మరో కాలానికి అంటగట్టడం.
సమకాలీన ఆధారం: సంఘటన జరిగిన కాలంలోనే ఏర్పడిన ఆధారం.
కాకతాళీయం: కార్యకారణ సంబంధం లేకుండా రెండు సంఘటనలు ఒకేసారి జరగడం.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అల్జీరియా సమస్య డిగాల్‌పై హత్యాయత్నాలకు ఎలా దారితీసింది?
2. "నమ్మశక్యంగా ఉన్నవన్నీ జరిగినవి కావు, జరిగినవన్నీ నమ్మశక్యంగా ఉండవు." ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సరయేవో ఘటనలో దారి తప్పిన కారు, శాండ్‌విచ్ కథ – వీటి మధ్య తేడాను ఆధారాల దృష్టితో వివరించండి.
2. మీరు ఇటీవల చూసిన చారిత్రక సినిమాలోని ఒక దృశ్యాన్ని తీసుకుని దానికి మూడు ప్రశ్నలు వేయండి. మూడవ ప్రశ్నకు సమాధానం మీ దగ్గర లేకపోతే, దాన్ని ఎక్కడ వెతకాలో రాయండి.